పందెం వదిలిన త్రిశూలం

ఇటలీ కార్ల కథ – 6వ భాగం

గత భాగంలో ట్యూరిన్‌లో ఆగాం. తండ్రి విన్చెంజో నిలబెట్టిన లాంచియా కంపెనీ కొడుకు జాన్నీ కాలంలో పందేల ఖర్చు మోయలేక కుంగిపోయిన వైనం చూశాం. 1951లో వచ్చిన ఔరేలియా బీ20తో కుటుంబాల కారుకూ పందెపు కారుకూ నడుమ మరో రకం కారు స్థిరపడింది. ఇద్దరు మనుషుల్ని, వాళ్ల పెట్టెల్ని ఎక్కించుకుని, పొద్దున బయల్దేరితే చీకటి పడేలోగా సరిహద్దు దాటించే కారు. దాన్నే గ్రాన్ టురిస్మో అన్నారు, పొట్టిగా జీటీ. 1955 మే 26న మోన్జాలో లాంచియా డ్రైవరు అస్కారీ చనిపోయాడు. రెండు నెలలు తిరిగేసరికి లాంచియా తన పందెపు కార్లను ఎన్జో ఫెరారీకి అప్పగించేసింది. ఆ కార్ల మీదే 1956లో డ్రైవరు ఫాంజియో ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడాదే ఫెరారీని వదిలి, ఆ పక్కనే ఉన్న బద్ధ ప్రత్యర్థి మసెరాటీలో చేరాడు.

ఈ భాగం ఆ మసెరాటీది, ముఖ్యంగా 3500 జీటీ అనే ఒక్క కారుది. ఇవాళ యూరప్‌లోనో అమెరికాలోనో పాత కార్ల వేలంపాటలో ఆ కారు ఒకటి కొత్త హంగులతో అమ్మకానికి నిలబడితే లక్షల డాలర్లు పలుకుతుంది. పక్కన పెట్టిన కార్డు మీద ఇంజిన్ నంబరు, తొలినాటి రంగు, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ బాగుచేయించారు, అన్నీ రాస్తారు. అప్పుల్లో మునిగిన కంపెనీ బతకడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే ఆ కారు అన్న సంగతి మాత్రం సాధారణంగా ఆ కార్డు మీద కనపడదు. నాకు ఆ కారులో అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే.

మోదెనా పో నదీ మైదానంలో ఉన్న ఊరు. చలికాలమంతా దట్టమైన పొగమంచు. చుట్టుపక్కల పల్లెల్లో పాడి, జున్ను, ద్రాక్షరసాన్ని కాచి ఏళ్ల తరబడి పీపాల్లో మాగబెట్టి చేసే వెనిగర్. ఊళ్లోకి వస్తే ఫౌండ్రీలు, లేతు షెడ్లు. ఎన్జో ఫెరారీ 1898లో ఇక్కడే పుట్టాడు. యుద్ధకాలంలో తన కార్ఖానాను 18 కిలోమీటర్ల అవతల ఉన్న మరనెల్లోకి మార్చినా, అతని మకాం మోదెనాలోనే. మసెరాటీ కార్ఖానా ఊళ్లోనే, చీరో మెనోత్తి వీధిలో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. 1950లో ఊరి అంచున తెరిచిన ట్రాకు మీద రెండు కంపెనీలూ తమ కార్లను పరీక్షించేవి. ఒకరి ఇంజిన్ మోత రెండోవారి చెవిన పడకుండా ఉండే వీలే లేదు.

అసలు మసెరాటీ అన్నదమ్ములు మోదెనా వాళ్లు కారు. 1914లో బొలోన్యాలో షెడ్డు తెరిచారు. వాళ్లలో చిత్రకారుడైన మారియో, ఊరి నడిబొడ్డున నిలబడ్డ సముద్రదేవుడి విగ్రహం చేతిలోని త్రిశూలాన్ని తీసుకుని కంపెనీకి గుర్తుగా గీశాడు. పెద్ద దిక్కుగా ఉన్న ఆల్ఫియేరి 1932లో పోయాక మిగిలినవాళ్లకు ఇంజిన్లు చేయడం వచ్చు కానీ వ్యాపారం నడపడం చేతకాలేదు. 1937లో మోదెనాకు చెందిన అడోల్ఫో ఓర్సీ కంపెనీని కొన్నాడు. అన్నదమ్ములు పదేళ్ల ఒప్పందం మీద అతని దగ్గరే పనిచేసి, 1947లో గడువు తీరగానే బొలోన్యాకు తిరిగి వెళ్లిపోయారు.

ఓర్సీ 1888లో పేద ఇంట పుట్టి, పాత ఇనుము కొని అమ్ముతూ పైకొచ్చినవాడు. మసెరాటీని కొనేనాటికి ఉక్కు కార్ఖానాలు, ఫౌండ్రీలు, మోదెనా ట్రాములు అతని చేతిలో ఉన్నాయి. ఫెరారీకీ అతనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఫెరారీకి పందెమే పరమార్థం. ధనవంతులకు కార్లు అమ్మేదల్లా ఆ పందేల ఖర్చుల కోసమే. ఓర్సీకి పందెం కంపెనీ పేరు నలుగురి నోళ్లలో నానడానికి ఒక మార్గం. ఆ పేరుతో పనిముట్లు, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీలు అమ్ముకోవచ్చు. ఒకే ఊళ్లో ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే నడిచాయి.

కార్ల చరిత్రలు చాలావరకు వదిలేసే ఒక రోజు ఈ కథలో ఉంది. 1950 జనవరి 9. ఓర్సీకి చెందిన ఫౌండ్రీలో కార్మికుల్ని తగ్గించడం మీద గొడవ ముదిరి, యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. ఆ రోజు ఊరంతా సమ్మె. ఫౌండ్రీ గేటు దగ్గరికి వచ్చిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. అంత్యక్రియలకు జనం పోటెత్తారు. కమ్యూనిస్టు నాయకుడు తోల్యాత్తి వచ్చి మాట్లాడాడు. చనిపోయినవారిలో ఒకరి చిన్న చెల్లెలిని తర్వాత ఆయనే తెచ్చి పెంచుకున్నాడు. యుద్ధం ముగిసి ఐదేళ్లయినా మోదెనాలో పని దొరకడం, దొరికిన పని నిలబడడం ఎంత కష్టంగా ఉండేదో ఈ ఒక్క రోజు చెబుతుంది. పందెపు కార్ల మెరుపు వెనక ఉన్న ఊరు ఇది. సుత్తి పట్టడం, పోత పోయడం, లేతు మీద మిల్లీమీటరులో వందో వంతు దాకా కోయడం తెలిసిన మనుషులు వేలమంది ఉన్న ఊరు కూడా ఇదే. ఆ చేతులు లేకపోతే ఫెరారీ లేదు, మసెరాటీ లేదు.

1953లో ఓర్సీ కుటుంబం ఆస్తులు పంచుకుంది. మసెరాటీ అడోల్ఫో వాటాకు వచ్చింది. కొడుకు ఓమెర్ రోజువారీ వ్యవహారాలు చూసుకునేవాడు. కార్లకంటే పనిముట్ల యంత్రాల మీద వాళ్లకు నమ్మకం ఎక్కువ. అర్జెంటీనాకు మిల్లింగ్ యంత్రాలు పెద్దఎత్తున అమ్మారు. 1955 సెప్టెంబరులో అక్కడ పెరోన్ ప్రభుత్వం కూలిపోయింది, రావలసిన సొమ్ము నిలిచిపోయింది. ఇంటి దగ్గర బ్యాంకులు అప్పు తీర్చమని ఒత్తిడి మొదలుపెట్టాయి.

అలాంటి స్థితిలో 1957 వచ్చింది. ఇటలీ కార్ల చరిత్రలో ఇంతగా ఆనందమూ దుఃఖమూ కలగలిసిన సంవత్సరం మరొకటి నాకు కనిపించదు.

మే 12న మిల్లె మిలియా, బ్రెషా నుంచి రోము దాకా వెళ్లి తిరిగి వచ్చే వెయ్యి మైళ్ల రోడ్డు పందెం. మసెరాటీ ఆశలన్నీ స్టిర్లింగ్ మాస్ నడిపే 450ఎస్ మీదే. బయల్దేరిన కొద్ది నిమిషాలకే బ్రేకు పెడల్ విరిగి అతని పందెం ముగిసింది. సాయంత్రానికి ఇది చాలా చిన్న నష్టంగా తేలింది. గుయిదిత్సోలో అనే పల్లె దగ్గర, గమ్యానికి ఇక కొద్ది దూరం ఉందనగా, దె పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలి జనంలోకి దూసుకుపోయింది. అతనూ అతని సహచరుడూ, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మందీ చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. వేగ పందెంగా మిల్లె మిలియా అక్కడితో ముగిసింది. ఎన్జో ఫెరారీ మీద కేసు నడిచింది. నిర్దోషి అన్న తీర్పు రావడానికి 1961 దాకా పట్టింది.

ఆగస్టు 4న జర్మనీలోని నూర్బుర్‌గ్రింగ్‌లో మసెరాటీకి దొరికిన ఆనందం మళ్లీ ఎన్నడూ దొరకలేదు. ఫాంజియో 250ఎఫ్ నడుపుతూ మధ్యలో టైర్లు మార్చుకోవడానికి ఆగి, రెండు ఫెరారీలకు 45 సెకన్లకు పైగా వెనకబడ్డాడు. నలభయ్యారేళ్ల మనిషి. చుట్టు చుట్టుకూ తన రికార్డును తానే బద్దలు కొట్టుకుంటూ, చివరి చుట్లలో ఆ ఫెరారీలు నడుపుతున్న కాలిన్స్‌నీ హాథార్న్‌నీ దాటేసి గెలిచాడు. ఐదోసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ వార్త విన్న రాత్రి చీరో మెనోత్తి వీధిలో ఎవరూ అప్పుల సంగతి తలచుకుని ఉండరు.

ఇక మిగిలింది స్పోర్ట్స్ కార్ల ప్రపంచ పోటీ. దాని ఆఖరి పందెం నవంబరు 3న వెనిజులా రాజధాని కరాకాస్‌లో. గెలిస్తే ఆ బిరుదూ మసెరాటీదే. మాస్ కారు ముందు పోతున్న నెమ్మది కారును గుద్ది నుజ్జయింది. జట్టులోని బెహ్రా కారు పెట్రోలు పోస్తుండగా అంటుకుంది, అతనికి కాలిన గాయాలయ్యాయి. మంటలు ఆర్పాక మాస్ అందులో ఎక్కాడు కానీ సీటు లోపల ఇంకా కాలుతూనే ఉంది, దిగక తప్పలేదు. షెల్ అనే అతను ఎక్కాడు. అతను తమ జట్టువాడే అయిన బోన్నియెర్ కారును దాటుతుండగా బోన్నియెర్ టైరు పేలింది. రెండు కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. డ్రైవర్లు ప్రాణాలతో బయటపడ్డారు కానీ కంపెనీ పంపిన కార్లలో ఒక్కటీ మిగల్లేదు. మొదటి నాలుగు స్థానాలూ ఫెరారీవే. కొన్ని వారాల్లో ఓర్సీ పందేలనుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. 1958లో కంపెనీ అప్పులవాళ్ల పర్యవేక్షణలోకి వెళ్లింది.

కంపెనీ మూతపడి ఉండవలసిందే. పడలేదు. ఎందుకంటే 1957 మార్చిలోనే, ఇవేవీ జరగకముందే, జెనీవా ప్రదర్శనలో మసెరాటీ ఒక తెల్లని కారు చూపించింది, అదే 3500 జీటీ.

ఆ కారు వెనకున్న ఇంజినీరు జూలియో ఆల్ఫియేరి. అప్పటిదాకా మసెరాటీ రోడ్డు కార్లు చేసిందంటే ఒక్కో మోడల్‌కు పదుల లెక్కలోనే. తన సొంత పందెపు కారు ఇంజిన్‌నే ఆధారం చేసుకుని 3,485 సీసీల ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను అతను రూపొందించాడు. సిలిండరుకు రెండేసి చొప్పున పన్నెండు స్పార్క్ ప్లగ్గులు, మూడు వెబర్ కార్బొరేటర్లు, 220 గుర్రాల శక్తి. అలాంటి యంత్రాన్ని అప్పుల కంపెనీ వందల కొద్దీ ఎలా తయారుచేయగలదు? ఇక్కడే ఆల్ఫియేరి తెలివి కనిపిస్తుంది. తాము చేయలేనివి బయట కొన్నాడు. గేరుబాక్సు జర్మనీ నుంచి జడ్ఎఫ్, వెనక యాక్సిల్ ఇంగ్లండు నుంచి సాల్స్‌బరీ, బ్రేకులు గిర్లింగ్, ముందు సస్పెన్షన్ భాగాలు ఆల్ఫర్డ్ అండ్ ఆల్డర్. ఇంజిన్ మాత్రం మోదెనాదే. ఇటలీ కారు అంటే అణువణువూ ఇటలీదే అయ్యుండాలన్న పట్టుదల అతనికి లేదు. కొనేవాడు రాత్రివేళ ఆల్ప్స్ కనుమల్లో బ్రేకు తొక్కితే కారు ఆగాలి, అంతవరకే అతని పట్టింపు. ఈ కొనుగోళ్లను చిన్నతనంగా చూసేవాళ్లు ఉన్నారు. కంపెనీని నిలబెట్టింది అవేనని నేను నమ్ముతాను.

బాడీ పని మిలాన్‌లోని కరోత్సెరియా టూరింగ్‌ది. వాళ్ల పద్ధతికి సూపర్‌లెజ్జేరా అని పేరు. ముందు వేలి మందాన ఉక్కు గొట్టాలను వంచి కారు ఆకారమంతా గూడులా కడతారు. తర్వాత ఆ గూటి మీద పలుచని అల్యూమినియం రేకును తొడుగుతారు. ఆ రేకు అచ్చుల్లోంచి వచ్చేది కాదు. టింకరింగ్ తెలిసినవాళ్లు చెక్క దిమ్మె మీదా ఇసుక సంచి మీదా పెట్టి సుత్తితో కొట్టి, వంపు సరిపోయిందో లేదో అరచేత్తో నిమిరి చూసుకుని, మళ్లీ కొట్టేవాళ్లు. అందుకే రెండు 3500 జీటీలను పక్కపక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా దొరుకుతుంది. ఒక కారు తలుపు ఇంకో కారుకు నేరుగా పట్టదు.

పూర్తయిన కారును రోడ్డు మీద పరీక్షించే పని గెరీనో బెర్తొక్కీది. 1926లో ఆల్ఫియేరి మసెరాటీ పక్కన మెకానిక్‌గా కూర్చుని తార్గా ఫ్లోరియో పందెంలో వెళ్లిన మనిషి అతను. ముప్పై ఏళ్లు పందెపు ఇంజిన్ల మధ్య గడిపినవాడు ఇప్పుడు సినిమా తారలు, వ్యాపారులు కొనే కార్ల క్లచ్చులు తొక్కి చూశాడు. పందేల విభాగం మూసేశాక ఆ అనుభవమంతా ఈ కార్లలోకి వచ్చింది.

కొనేవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు? ఇటలీ అప్పుడే మారుతోంది. 1957 జులైలోనే ఫియట్ 500 వచ్చింది. 479 సీసీల ఇంజిన్, 13 గుర్రాల శక్తి. స్కూటరు మీద ఇల్లాలినీ పిల్లల్నీ ఎక్కించుకుని తిరిగిన ఫ్యాక్టరీ కార్మికుడికి అది తొలి కారు. కాస్త కలిగిన కుటుంబాలకు ఫియట్ 1100. ఆ 1100నే తర్వాత బొంబాయిలో తయారుచేశారు. మన ఊళ్లలో డాక్టర్లూ ప్లీడర్లూ వాడిన ప్రీమియర్ పద్మిని దాని రూపమే. మిలాన్, ట్యూరిన్ ఫ్యాక్టరీల యజమానులకు ఇంకా పెద్ద ఆశలు. 1956 మేలో మిలాన్ నుంచి నేపుల్స్ దాకా సూర్యరహదారి పనులు మొదలయ్యాయి. 1960 డిసెంబరులో అపెన్నైన్ కొండలను తొలుచుకుంటూ బొలోన్యా–ఫ్లోరెన్స్ ముక్క తెరుచుకుంది. 1964 అక్టోబరు నాటికి 750 కిలోమీటర్లకు పైగా రోడ్డు పూర్తయింది. అలాంటి రోడ్డు మీద గంటకు 200 దాటి పోగల కారు ఉన్నవాడికి మిలాన్‌లో పొద్దుటి సమావేశం ముగించుకుని రాత్రి భోజనానికి రోము చేరడం కుదిరే పనే అయింది.

3500 జీటీ 1964 దాకా తయారైంది. విన్యాలె కట్టిన ఓపెన్ టాప్ కార్లతో కలిపి 2,200 దాకా అమ్ముడయ్యాయి. అరవై కార్లు చేస్తే గొప్ప అనుకున్న కంపెనీకి ఇది ఊహించని సంఖ్య. మొనాకో రాజు రేనియర్ ఒకటి కొన్నాడు. ఇరాన్ షాకు ఈ కారు నచ్చింది కానీ శక్తి చాలలేదు. అతని కోరిక మీద ఆల్ఫియేరి, కరాకాస్‌లో బూడిదైన 450ఎస్ కార్ల వీ8 ఇంజిన్‌నే ఆధారంగా తీసుకుని 1959లో 5000 జీటీ తయారుచేశాడు. అవి మొత్తం 34. పందెంలో ఓడిన ఇంజిన్ రాజుల గ్యారేజీలకు ఎక్కింది. అప్పులు తీరాయి, బ్యాంకులు తప్పుకున్నాయి.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకుందాం. 1968లో ఓర్సీలు కంపెనీని ఫ్రెంచి సిత్రోయెన్‌కు అమ్మారు. 1975లో దె తొమాసో చేతికి వచ్చింది. ఈలోగా 3500 జీటీలు వట్టి పాతబండ్లయ్యాయి. కొన్నవాళ్లు వాడి వదిలేశారు. ఆ గొట్టాల గూడే కారుకు శత్రువైంది. ఉక్కూ అల్యూమినియమూ తాకే చోట తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. తలుపు అంచు కింద వేలు పెట్టి గీరితే తెల్లటి పొడి రాలుతుంది. గొట్టం లోలోపల తుప్పు. ఇంజిన్ బాగున్న కార్లను విడగొట్టి భాగాలకు అమ్మేసినవాళ్లూ ఉన్నారు.

అందుకే ఇవాళ పునరుద్ధరించిన 3500 జీటీని చూసేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. రేకును ఊడదీసి, గొట్టాలను ఒక్కొక్కటిగా బాగుచేసి, మళ్లీ అదే రేకును కొట్టి తొడిగారా, లేక పుట్టీ పట్టించి పైన రంగు కొట్టారా అన్నదే అసలు ప్రశ్న. పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలుంటేనే దానికి జవాబు దొరుకుతుంది. ఛాసిస్ మీద ఏఎం101తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఇంజిన్ మీదా అదే నంబరు ఉంటే విలువ బాగా పెరుగుతుంది, ఎందుకంటే చాలా కార్లలో ఇంజిన్లు మారిపోయాయి.

మరో చిక్కు 1961 తర్వాతి జీటీఐ కార్లది. ఇంగ్లండు లూకాస్ కంపెనీ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టుకున్న తొలి ఇటలీ ఉత్పత్తి కారు అది. ఆ రోజుల్లో దాన్ని సరిగ్గా ట్యూన్ చేయగలిగిన మెకానిక్కులు తక్కువ. చాలామంది యజమానులు విసిగిపోయి ఇంజెక్షన్ తీయించి వెబర్ కార్బొరేటర్లు పెట్టించుకున్నారు. ఇప్పుడు కొనేవాడు అడిగేది: కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టు ఉందా, లేక వాడుకకు అనువుగా ఉందా? లూకాస్ పెట్టె పోగొట్టకుండా దాచి ఉంచిన యజమానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. అది ఆల్ఫియేరి చేసిన సాహసానికి సాక్ష్యం. కార్బొరేటర్లతో హాయిగా నడవనివ్వండి, సాక్ష్యాన్ని మాత్రం పారేయకూడదు.

ఫ్యాక్టరీ చేతిలో ఉన్న పాత కార్లు కూడా 1996లో లండన్ వేలంపాటకు వెళ్లి చెల్లాచెదురు కావలసింది. బొమ్మల స్టిక్కర్ల వ్యాపారంతో పేరుపడ్డ పానీనీ కుటుంబానికి చెందిన ఉంబెర్తో పానీనీ వాటిని కొని మోదెనాకు తిరిగి తెచ్చాడు. పార్మిజానో జున్ను తయారుచేసే తన పాడి క్షేత్రంలోనే వాటిని నిలబెట్టాడు. ఆవుల కొట్టాల పక్కన మ్యూజియం. పాత ఓర్సీ పేరే పెట్టుకున్న మనవడు అడోల్ఫో ఇప్పుడు పేరున్న కార్ల చరిత్రకారుడు. తాత అమ్మిన కార్లు ఏ వేలంపాటలో ఎంతకు పోయాయో ఏటా లెక్కగట్టి పుస్తకంగా తెస్తాడు.

తొలినాటి 3500 జీటీ యజమానుల్లో ఒక మోటు మనిషి ఉన్నాడు. చెంతో దగ్గరి రైతు ఇంట పుట్టి, యుద్ధంలో మిగిలిన లారీ భాగాలతో ట్రాక్టర్లు చేసి సంపన్నుడైన ఫెర్రుచ్చో లాంబోర్గినీ. తనలాగే పేదరికం నుంచి ఎదిగిన ఓర్సీ అంటే అతనికి గౌరవం. కారు మాత్రం బరువుగా ఉందని, అనుకున్నంత వేగం లేదని అతని ఫిర్యాదు. ఇంట్లో ఉన్న ఫెరారీల మీద అంతకంటే పెద్ద ఫిర్యాదులున్నాయి. సరిగ్గా అప్పుడే, 1961 చివర్లో, మరనెల్లోలో ఎన్జో ఫెరారీతో గొడవపడి అతని ముఖ్యులు కొందరు ఒకేసారి బయటకు నడిచారు. అలా వెళ్లినవాళ్లలో ఒకరైన బిజ్జారీనీ ట్రాక్టర్ల యజమానికి పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఎలా గీసిచ్చాడో, దాని మీద బాడీ కట్టడానికి మిలాన్ టూరింగ్ షెడ్డే మళ్లీ ఎలా ముందుకొచ్చిందో, మోదెనాకూ బొలోన్యాకూ నడుమ సాంత్ ఆగాతా పొలాల్లో మూడో కార్ఖానా ఎలా లేచిందో వచ్చే భాగంలో.